కుడివైపు వంత

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ తంబురాతో కథ చెప్పే మనిషి, నవ్వించడానికి ఎడమవైపు వంత, లోకం సంగతులు అడగడానికి కుడివైపు వంత. నరసాపురం చుట్టుపక్కల కుడివైపు వంత అంటే రత్నమాణిక్యమే. దరువేయడానికి పెళ్లికి ముందు పట్టిన డక్కీని మనవరాలు పుట్టినా దించలేదు. కథ ఏ యుగానిదైనా సరే, మధ్యలో ఆపి ఈ వారం రేషన్ బియ్యం సంగతేంటని అడిగేస్తుంది. ఆ మాటలు కాగితం మీద ఉండవు. ఊళ్లో దిగి టీ తాగుతూ విన్నవాటిలోంచి పుడతాయి. వెనకటికి తెల్లదొరలు బుర్రకథను నిషేధించింది ఈ కుడిపక్కకు జడిసేనేమో! దొరలు ఓడెక్కిపోయారు, డక్కీ ఇక్కడే ఉంది.

సరిహద్దులో కాల్పులు రేగిన రోజుల్లో సముద్రపొడ్డు ఊరి తీర్థానికి పిలుపొచ్చింది. అనుమతికి వెళ్తే కొత్త ఎస్సైగారు రాతప్రతి అడిగారు.

"కథ రాసుందండి. ఈవిడ మాటలే ఉండవు," అంది కథ చెప్పే సూర్యకళ.

"అయితే ఈవిడ మాట్లాడకూడదు. దేశభద్రత విషయం. వాయించుకోమనండి."

"నోరు కట్టేసుకుని నిలబడాలాండీ?" అంది రత్నమాణిక్యం.

"నిలబడండమ్మా, ఎవరొద్దన్నారు?"

బయటికొచ్చాక ఎడమవంత బేబి, "ఇంట్లోనూ ఇలాగే నిలబడు వదినా, మా అన్నయ్య కొబ్బరికాయ కొడతాడు," అంది. రత్నమాణిక్యం నవ్వలేదు. మాట లేని వంత ఎందుకు, ఈ కథతో డక్కీ దించేస్తానంది.

భద్రత పేరుతో పడవలు ఆపేయడంతో సాయంత్రానికి ఊరంతా ఇసుకలోనే కూర్చుంది. ముందు వరసలో ఎస్సైగారు. కథలో రాజు యుద్ధానికి బయల్దేరాడు. సూర్యకళ ఏళ్ల అలవాటుకొద్దీ తంబురా ఆపి కుడివైపు తిరిగింది. తిరిగాక గాని గుర్తు రాలేదు. రత్నమాణిక్యం పెదవి కదపలేదు. డక్కీ మీద ఒక్క దెబ్బ వేసి ఊరుకుంది.

జనంలోంచి చేపలమ్మే రూతు లేచింది. "అడగవేంటమ్మా? సర్లే, నేనడుగుతా. రాజుగారండీ, యుద్ధమని మా పడవలాపారు గదా, మా పొయ్యి ఎప్పుడు వెలిగించుకోమంటారు?"

సూర్యకళ తడబడి, రాజు గొంతుతో "మంత్రినడిగి చెబుతాం," అంది. జనం గొల్లున నవ్వారు. ఇంకో మూల ఇంకొకరు లేచారు. అడిగిన ప్రతి మాటకూ రత్నమాణిక్యం దరువేసింది.

కథయ్యాక ఎస్సైగారు దగ్గరికొచ్చారు. "ఇంతమందిని రాతప్రతి ఎక్కడడగను? ఇకనుంచి మీరే మాట్లాడండమ్మా. మీరైతే ఒక్కరే," అన్నారు, నవ్వు ఆపుకుంటూ.

రత్నమాణిక్యం డక్కీని కొంగుతో తుడిచి మళ్లీ భుజానికి తగిలించుకుంది.

"రేపు ఏ ఊరు సూర్యకళా? కాస్త ముందే పోదాం, టీ తాగాలి."