అధ్యక్షుడికి అనుమతి లేదు

ఉరవకొండ దగ్గర మా ఉమ్మడి బోర్ల సంఘానికి నేనే అధ్యక్షుణ్ణి, మొదట్లో ఆ బోర్లను నడిపే సర్వరులో అడ్మిన్‌ని. ఏ చేనికి నీళ్లు వదలాలన్నా నా ఫోనులోనే నొక్కాల్సి వచ్చేది. ఊరంతా నా వేలి మీదే బతికింది! నిరుడు సాఫ్ట్‌వేరు చూసే షాహీనా పనిని బట్టి అధికారాలు పంచేసింది. నీళ్లు వదిలేది మోటర్లు చూసే ఓబులేసట. నేను చూడొచ్చు, అంతే!

కాయ పట్టేందుకు ఊడలు నేలలోకి దిగే వేళ నా వేరుశనగ వాడిపోతోంది. సంఘంలో అందరి ముందూ ఫోను నొక్కాను. ‘మీకు అనుమతి లేదు’ అని వచ్చింది. ఒళ్లు మండింది.

“సంఘం పెట్టినోణ్ణి, నాకే తాళమా?”

“నీ వంతు రేపుండాది తాతా,” అంది షాహీనా.

‘ఊరంతా నా వేలి మీదే’ అని పైన కాస్త ఎక్కువే రాశాను. ఒకట్రెండుసార్లు పొరపాటున నా చేనికే నీళ్లు వదులుకున్న మాటా నిజమే. ఇది చదివి ఓబులేసు అన్నాడు: “పొరపాటేందప్పా? వంతు ఎవరిదైనా నీళ్లు నీ చేనికే పోతాండె. అందుకే గదా ఆ షాహీనా పాపను మేమే పిలిపించినాం!”