అడగకుండా వేసిన ఫోటో

నేను బడికి పోయి చదువుకోలేదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నడవలేకపోతే, పలకల ఫ్యాక్టరీలో కూలికి పోయే నాయన విరిగిన పలకలు ఇంటికి తెచ్చి వాటి మీద అక్షరాలు దిద్దించాడు. పెద్దయ్యాక ప్రైవేటుగా పది రాశాను. నలభై దాటాక, ఫోనులోనే ఎనిమిది నెలలు క్లాసులు విని వృత్తి కోచింగ్ నేర్చుకున్నాను. ఇన్ని దారులు తెరిచిన దేవునికి రోజూ స్తోత్రం చెప్పుకుంటాను. ఆ దారిలో నేను చేసిన ఒక తప్పు గురించి ఇక్కడ రాస్తున్నాను.

కోచింగ్ అంటే పరీక్షలకు తయారుచేయడం కాదు. పనిచేసుకునే మనిషి ఎదురుగా కూర్చుని, ఆ పనిలో తనకేం కావాలో తనే తేల్చుకునేదాకా ప్రశ్నలడగడం, వినడం. నాతోపాటు నేర్చుకున్న అక్క ఒకామె ఉంది. మా మార్కాపురంలోనే ఒక ముస్లిం కుటుంబం, చాలా ఏళ్లు బట్టల దుకాణం నడిపింది. వచ్చినవాళ్లతో మేమిద్దరం ఆమె ఇంటి ముందుగదిలో కూర్చునేవాళ్లం. ఏడాదిలో వచ్చింది ఆరుగురే. ఊరికి తెలియాలంటే ఒక సభ పెట్టాలనుకున్నాం.

ఆ ఆరుగురిలో ఒకామె మా చర్చి సంఘపు పిల్లే. ముప్పై ఏళ్లుంటాయి. పలకలకు చెక్క చట్రాలు బిగించే పని, పదకొండేళ్లుగా ఒకే షెడ్డులో. అక్కడ అందరి చేతా పని చేయించే మేస్త్రి వయసైపోయి దిగిపోతున్నాడు. ఆ మేస్త్రి పని తనకిమ్మని అడగాలని ఆమె కోరిక. ఆ షెడ్డులో ఆడమనిషి మేస్త్రి అయింది లేదు. పైగా మేస్త్రి అదే షెడ్డులో పనిచేసే తన అల్లుణ్ణి కూర్చోబెట్టాలని చూస్తున్నాడు. అందుకే ఎవరి చెవినా పడనీయకుండా, యజమాని ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలనుకుంది. ఏ మాట ముందు, ఏ మాట వెనక అని నాలుగు నెలలు నా ముందు కూర్చుని సరిచూసుకుంది.

సభకు స్థలం ఇచ్చింది కూడా ఆ యజమానే. గోడౌను ముందున్న ఖాళీలో షామియానా వేసుకోమన్నాడు. స్థలం ఇచ్చినవారిని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పడం మా వైపు మామూలు.

కరపత్రం రాసే పని నేను తీసుకున్నాను. మా సంఘంలో సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలు ఒకరు నిలబడి చెప్పడం, లేని సభ ఉండదు. సాక్ష్యం చెప్పేవాళ్ల ఫోటో కరపత్రం మీద వేస్తారు. ముందుగా ఎవరినీ అడగరు. అడిగినా కాదనేవాళ్లు లేరు. ఆదివారం ప్రార్థన మనవులు చీటీల మీద రాసిస్తే పేరు పెట్టి మైకులో చదువుతారు, ఒకరి కష్టం పదిమంది మోస్తే తేలికవుతుందని. అట్లా పెరిగినదాన్ని. గదిలో విన్నది గదిలోనే ఉండాలని క్లాసుల్లో మొదటిరోజే చెప్పారు. పుస్తకంలో రాసుకున్నాను కూడా. కానీ కరపత్రం రాయడానికి కూర్చున్నప్పుడు నా చేతికి వచ్చింది సంఘపు అలవాటే.

'ఈ వారంలో అడిగేస్తా చిన్నమ్మా' అని ఆమె అన్న మాట పట్టుకుని, సభనాటికి ఆ సంగతి తేలిపోయి ఉంటుందనుకున్నాను. క్రిస్మస్ నాడు తీసిన ఆమె ఫోటో ప్రెస్సుకు ఇచ్చాను. కింద ఇలా రాయించాను: 'పలకల ఫ్యాక్టరీ కార్మికురాలు. మేస్త్రి పని అడిగే ధైర్యం తనకెలా వచ్చిందో సాక్ష్యం చెబుతారు.' అక్క నా మీద నమ్మకంతో అచ్చుకు ముందు చూడలేదు.

ఆదివారం సభ అనగా గురువారం కరపత్రాల కట్టలు వచ్చాయి. వాటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకున్నాను. సాయంత్రానికి ప్రెస్సువాళ్లే బస్టాండు దగ్గర, బజారులో, ఫ్యాక్టరీల గోడల మీద అంటించారు. ఒకటి నేనే యజమాని ఇంటికి తీసుకుపోయి ఆయన భార్య చేతికి ఇచ్చి వచ్చాను. ఆయన విజయవాడ పోయాడని, శనివారం పొద్దున వస్తాడని ఆమె చెప్పింది. అప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది. ఊళ్లోనే లేని మనిషిని చట్రాలు బిగించే ఆ పిల్ల ఎప్పుడు అడిగి ఉంటుంది?

శుక్రవారం పనికి పోయే వేళకు ఆ పిల్ల మా వాకిట్లో నిలబడింది. చేతిలో కరపత్రం. లోపలికి రమ్మంటే రాలేదు.

"చిన్నమ్మా, నన్ను అడిగినావా?"

ఆ కాగితం అందుకోబోతే వెనక్కి తీసుకుంది.

"సారు ఊళ్లో లేడు. నేనింకా అడగనే లేదు. నిన్న సాయంత్రం గేటు కాడ మేస్త్రి చూసినాడు. 'ఏమ్మో, లీడరైనావే. మా అల్లుణ్ణి గూడా కాస్త ఆశీర్వదించు' అన్నాడు. అందరూ నగినారు."

"తల్లీ, అన్నీ పీకేయిస్తాను. ఇప్పుడే పోతా."

"గోడల మీదియి పీకుతావు. మేస్త్రి కంట్లో పడింది ఎట్ల పీకుతావు?"

సభే ఆపేస్తామన్నాను. అన్నాక గుర్తొచ్చింది, ఇది కూడా నేనే తేలుస్తున్నానని. "నువ్వేం కావాలనుకుంటున్నావు?" అని అడిగాను.

"ఈ మాట ఇప్పుడడుగుతుండావా?" అంది. కరపత్రాన్ని మడిచి చేతిలో పెట్టుకుంది. "రేపు సారు గేటు తీసేసరికి నేను ఆడ ఉంటా, మేస్త్రి కంటే ముందు. నువ్వు రావద్దు. ఆ అక్కను గూడా రానీయొద్దు. మీ సభ మీరు పెట్టుకోండి." అని ఆటో ఎక్కింది.

నేను అక్క దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆమె తిట్టలేదు. బకెట్టు, పాతగుడ్డలు తీసుకుని నాతో బయలుదేరింది. ఎండలో గోడ గోడకూ తిరిగి తడిపి గీకాము. మైదా జిగురు ఎండిపోయి ఒక పట్టాన రాలేదు.

"ఇంత గట్టిగా అంటించినాడే, వీడి పని నిజాయితీ మాత్రం మెచ్చుకోవాల," అంది అక్క.

నాకు నవ్వు రాలేదు. ఒకచోట ఫోటోలో ఆమె ముఖం సగం ఊడి, సగం గోడకే ఉండిపోయింది. దాన్ని గోటితో గీకి తీశాను.

"యజమాని ఇంట్లో ఇచ్చింది పోయి తెచ్చుకుందామా, అక్కా?"

"పిలిచిన పిలుపు వెనక్కి ఎట్ల అడుగుతాం, చెల్లెమ్మా? ఆయమ్మ ఏందని అడిగితే మళ్లా ఒక కథ చెప్పాల. నీ కథలు చాల్లే ఈ వారానికి."

శనివారం ఇంట్లోనే ఉన్నాను. మోకరిస్తే ఏమని అడగాలో తెలియలేదు. ఆమెకు ఆ పని రావాలని అడిగితే నా తప్పు కప్పి పెట్టమని అడిగినట్టుంది. ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. షెడ్డు వదిలే వేళ దాటింది. ఫోను రాలేదు. చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని, వద్దన్న మాట గుర్తొచ్చి పెట్టేశాను.

ఆదివారం ఆరాధనకు ఆమె వచ్చింది. వెనక వరుసలో కూర్చుని, దీవెన కాగానే లేచి వెళ్లిపోయింది. ముఖం చూసి ఏమీ తెలుసుకోలేకపోయాను.

మూడు గంటలకు షామియానా కింద కుర్చీలు నిండాయి. మా సంఘం ఆడవాళ్లు, అక్క వైపు చుట్టాలు, రెండు ఫ్యాక్టరీల పనివాళ్లు. మేస్త్రి మూడో వరుసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆమె రాలేదు. యజమాని వచ్చి వేదిక మీద కూర్చుని, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అది మా కరపత్రమే. శాలువా కప్పుతుంటే ఆయన నా ముఖం చూడలేదు.

అక్క కోచింగ్ గురించి మాట్లాడి మైకు నాకిచ్చింది. ముందే రాసుకున్నది ఒకటి ఉంది. దాన్ని మడిచేశాను.

"ఈరోజు సాక్ష్యం లేదు," అన్నాను. "కరపత్రం మీద ఒకరి ఫోటో వేశాను, ఆమెను అడగలేదు. ఆమె మా గదిలో చెప్పుకున్న మాట నాది కాదు, నేను అచ్చేశాను. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ సంగతి తెలుసుకునే రావాలి. ఇక మీదట ఎవరి మాటా గది దాటదు."

ముందు వరుసలో మా సంఘపు పెద్దామె పక్కామెతో అంటోంది, మైకులో పడేంత గట్టిగా: "సాక్ష్యం లేకుండా మీటింగేంది? మరి మనం దేనికి వచ్చినట్టు?"

"కూర్చో పెద్దమ్మా, టీ ఉంది," అని వెనకనుంచి ఎవరో అంటే నలుగురు నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు.

యజమానిని మాట్లాడమన్నాం. ఆయన లేచి కాసేపు మైకు సరిచేసుకున్నాడు.

"నిన్న పొద్దున ఊరినుంచి నేరుగా షెడ్డుకొస్తే గేటు కాడ ఒకామె నిలబడి నన్నో మాట అడిగినాది. ఇంటికి పోయినాక ఈ కాగితం చూసినా. ముందు ఇది చూసుంటే నాకు కోపం వచ్చేది, ఊరికంతా చెప్పి నాకు చెప్పలేదే అని. ఆమె ముందు నాకే చెప్పినాది. నేను చెప్పాల్సింది ఆమెకే చెప్పినా. ఈడ చెప్పను." అని కూర్చున్నాడు.

మేస్త్రి కాలు దించాడు.

నాకు మాత్రం ఏమీ తెలియలేదు. అవునన్నాడో కాదన్నాడో ఆయన మాటల్లో దొరకలేదు. అందరూ టీ తాగి వెళ్లాక కుర్చీలు సర్దుతూ అక్కను అడిగాను. "నాకెట్ల తెలుస్తది?" అంది.

ఆ వారం అక్క దగ్గరికి ముగ్గురు కొత్తవాళ్లు వచ్చారు. నా దగ్గరికి ఎవరూ రాలేదు.

పది రోజుల తర్వాత స్థలం ఇచ్చినందుకు యజమానికి కృతజ్ఞత చెప్పి రావాలని పోయాను. ఆయన లేడు. షెడ్డులో చట్రాల చప్పుడు వినపడుతోంది. గుమ్మంలో ఆమె ఎదురైంది. మేస్త్రి దగ్గరుండే షెడ్డు తాళాల గుత్తిని నడుముకు చీర కొంగుతో కలిపి దోపుకుంది. నేను దాని వంక చూడడం ఆమె చూసింది.

"సారు మూడు నెలలు నా పని చూస్తానన్నాడు," అంది. "టీ తాగి పో, చిన్నమ్మా."

లోపల ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది. టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చాను. దారంతా స్తోత్రం చెప్పుకున్నాను. అడగలేకపోయిన ప్రార్థనకు కూడా జవాబు వచ్చింది.

ఆమె మళ్లీ నాతో కూర్చోలేదు. గురువారాలు షెడ్డు వదిలాక అక్క దగ్గరికి వస్తుంది. మేస్త్రి అల్లుడు ఆమె మాట వింటున్నాడో లేదో, మూడు నెలల తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. అక్క చెప్పదు, నేను అడగను. ఆమె లోపలికి పోయి కూర్చోగానే, ముందుగది తలుపు నేనే దగ్గరికి వేసి వంటింట్లోకి వెళ్తాను.