మానిటర్ మీద అల చెదరలేదు

మా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో దయ్యాల కబుర్లు మొదలుపెట్టేవాళ్లకు నేను టీ కూడా పోసేదాన్ని కాదు. "పనీపాటా లేదా?" అని మొహం మీదే అనేదాన్ని. ఇప్పుడు ఇది నేనే చెప్పాల్సి వస్తోంది, ఏం చేస్తాం.

మా ఆయన ఖరగ్‌పూర్‌లో గూడ్స్ బండి డ్రైవర్. మెదడులో నరం చిట్లి స్పృహ తప్పారు. ఊపిరి మాత్రం సొంతంగానే తీస్తున్నారు. ఆసుపత్రిలో తలకు వైర్లు అంటించి పక్కన మానిటర్ పెట్టారు. దాని మీద పెద్దపెద్ద అలలు. ఎవరూ కదపకపోయినా అవి మెదడులో వాటంతటవే పుడతాయట, ముందు నుంచి వెనక్కి నెమ్మదిగా పాకుతాయట, గాఢనిద్రలో లాగా.

"పిలుపుకి ఈ అలలు చెదిరితే మనిషి తిరిగొస్తున్నట్టు. పేరు పెట్టి పిలవండి" అన్నాడు డాక్టర్.

కాపురానికొచ్చాక ఏనాడూ ఆయన పేరు నా నోటితో పలకలేదు. సిగ్గు చంపుకుని పిలిచాను. చెవిలో అరిచాను. తిట్టాను కూడా. అల చెదరలేదు. నా కళ్లు ఆ మానిటర్‌కే అతుక్కుపోయాయి, మంచినీళ్లకు లేవాలన్నా భయమే.

ఓ మధ్యాహ్నం ఆయన అసిస్టెంట్ ఆది డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. ఇంజన్‌లో లాగే ఆయనకు కుడివైపున కూర్చున్నాడు. వీళ్లకో పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే ఒకరు చెయ్యెత్తి రంగు చెప్పాలి, రెండోవారూ చెయ్యెత్తి అదే రంగు తిరిగి చెప్పాలి.

"పేరుకి పలక్కపోతే దీనికి పలుకుతాడేటో సూద్దాం వదినా" అంటూ ఆది చెయ్యెత్తాడు. "అన్నా, సిగ్నల్ గ్రీన్!"

సూది గుచ్చిన చెయ్యి లేచింది. "గ్రీన్" అన్నారు మా ఆయన, స్పష్టంగా, డ్యూటీ గొంతుతో. చెయ్యి మళ్లీ మంచం మీదకి దిగింది.

గబుక్కున మానిటర్ చూశాను. అల చెదరలేదు.

డాక్టర్ వచ్చి రికార్డు వెనక్కి తిప్పి చూశాడు. చెయ్యి కదిలినా, నోరు కదిలినా ఆ గీతలు అదరాలట. ఎక్కడా అదురు లేదు. "మీకలా అనిపించి ఉంటుంది దీదీ" అన్నాడు. ఇద్దరికీ ఒకేలా ఎలా అనిపిస్తుంది బాబూ?

సాయంత్రానికి ఆయన పోయారు.

ఆది వరండాలో గోడకి తల కొట్టుకున్నాడు. "నానే గ్రీన్ సెప్పినాను వదినా! నానే ఎల్లిపొమ్మన్నట్టయిపోనాది!"

తప్పు నీది కాదయ్యా అని ఊరుకోబెట్టాను.

ఆ గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. నేనంత పిలిచినా పలకని మనిషి సిగ్నల్‌కి పలికాడే అని కోపం వచ్చేది, అదీ చల్లారింది. రెడ్ అని ఉంటే ఆగేవారేమో అన్న మాట మాత్రం ఆదితో ఇంతవరకూ అనలేదు.