బ్రేకుల్లో ఇరుక్కున్న కాలువ ఒండ్రు

మొన్న నల్లగొండలో రైలు పట్టాల కింది దారి నిండా వాన నీళ్లు నిలిస్తే, మా అమ్మాయి తన కారును మెల్లగా అందులోంచే తోలుకొచ్చింది. మర్నాడు పొద్దున వీధి మలుపులో బ్రేకు తొక్కగానే కర్ర్‌మని ఒకటే గీకుడు. పక్క సీట్లో ఉన్న నాకు ప్రాణం చివుక్కుమంది. "ఏం గాదు బాపూ, నీళ్లల్ల నుంచి వచ్చినం గద, నాలుగుసార్లు తొక్కితే పోతది" అన్నది. నాకు తెలియదా తల్లీ! ఆ మాట మొదట నాకు చెప్పింది మీ పెదనాయినే.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను మర్రిగూడ దగ్గర బడిలో పంతులును. కూలి చేసి మమ్మల్ని పెంచిన ఇంట్లో మొదటి నౌకరీ నాది, మొదటి కారూ నాదే. కారంటే కొత్తది కాదు లెండి, ఎవరో వాడి వదిలేసింది. లారీ తోలిన అనుభవంతో దాన్ని వెతికి తెచ్చింది, వయసు మళ్లాక నాకు స్టీరింగ్ పట్టడం నేర్పింది మా అన్నే కాబట్టి, ఆ కారు నాకంటే ఆయనకే ఎక్కువ దగ్గర. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుపోయేవాడు. ఎక్కడికని నేను అడిగేవాణ్ని కాదు. తోడబుట్టినవాణ్ని ఎవరడుగుతారు చెప్పండి?

ఆ యేడు మా అమ్మాయికి హాలియా అవతల ఒక పల్లె నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు బుద్ధిమంతుడు, సొంత వ్యవసాయం, సాగర్ కాలువ కింద మంచి పొలం. మా ఇంటికి వచ్చి పిల్లను చూసి నచ్చిందన్నారు. మా అమ్మాయి పైకి ఏమీ అనలేదు గానీ, ఆ ఊరి నుంచి బీఈడీ కాలేజీ ఎంత దూరమని నన్నడిగింది. ఆమెకు ఇష్టమేనని అంతటితో నాకు అర్థమైపోయింది. ఇక మాట ఖాయం చేసుకోవాలి కదా, పెద్దమనిషిగా మాట్లాడటానికి అన్నను వెంటబెట్టుకుని వాళ్ల ఊరు వెళ్లాను. మా దిక్కు తాగే నీళ్లకే కటకట, ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగే మా అమ్మ మోకాళ్లు బిగుసుకుపోయాయి. అక్కడేమో పిల్లకాలువ పొంగి రోడ్డు మీదనే పారుతోంది! ఆ నీళ్లలోంచే పోయి, ఆ నీళ్లలోంచే తిరిగొచ్చాం. మర్నాడు బ్రేకులు అరిస్తే నేను బెదిరిపోయాను. అన్న నవ్వి, "నీళ్లల్ల పోతే గట్లనే కూస్తది తమ్మీ, బ్రేకులల్ల ఒండ్రు ఇరికింది, ఫికర్ జెయ్యకు" అన్నాడు. అబ్బ, ఎంత ధైర్యం చెప్పాడో మా అన్న!

కొన్నాళ్లకు, అమ్మను మోకాళ్ల నొప్పులకు నల్లగొండ దవాఖానలో చూపించుకొస్తానని కారు తీసుకెళ్లాడు. పొద్దు గూకేసరికి తెచ్చి పెట్టాడు. అమ్మ మా ఇంట్లోనే అన్నం తిని పడుకుంది. మర్నాడు బడికి బయలుదేరి బ్రేకు తొక్కితే అదే మోత, అదే గీకుడు. అప్పటికి వాన మొహం చూసి ఎన్నాళ్లయిందో. నల్లగొండ దారిలో తడవడానికి నీటి చుక్క లేదు. దిగి వంగి చూస్తే చక్రాల వెనక నల్లటి ఒండ్రు అంటుకుని ఉంది. మాది ఎర్ర నేల. అయినా నా మనసు ఒప్పుకోలేదు. దవాఖానకు పోయినోళ్లు కాలువల్లోకి ఎందుకు పోతారని నన్ను నేనే కసురుకున్నాను.

ఆ వారంలోనే పిల్లవాడి తండ్రి ఫోన్ చేశాడు, ఎంతో సంతోషంగా. "మీ బిడ్డ ఇంకా సదువుతదట గద సారూ, ఇప్పుడే పెండ్లి జెయ్యరట, మీ అన్న జెప్పిండు. ఏమైతది, మీ ఇంటి పిల్లనే జేసుకుంటున్నం, మీ అన్న బిడ్డను" అన్నాడు. నా బిడ్డ కోసం మాట్లాడమని తీసుకెళ్లిన మనిషి, నా కారులోనే పోయి, ఆ సంబంధం తన బిడ్డకు ఖాయం చేసుకొచ్చాడు! తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

అన్న మీది కోపం సరే. కానీ ఆ కారులో వెనక సీట్లో కూర్చున్నది మా అమ్మ. అక్కడ తాంబూలం పట్టుకుని వచ్చి, మా చేతి అన్నం తిని, ఒక్క మాటైనా చెప్పలేదు. నిలదీస్తే కొంగు సర్దుకుంటూ, "నీ బిడ్డకు సదువున్నది కొడుకా, దానికి ఇంకొకడు దొరుకుతడు. పెద్దోని బిడ్డకు ఏమున్నది?" అన్నది. నేను అమ్మ మీద అరిచాను.

మా అమ్మాయి ఏడవలేదు. పెళ్లికి నేను పోవద్దంటే, "అక్క ఏం జేసింది బాపూ?" అని వెళ్లి, అక్కకు తన చేత్తో గోరింటాకు పెట్టి వచ్చింది. తర్వాత బీఈడీ చదివింది, ఉద్యోగం వచ్చింది, తనను మెచ్చినవాణ్నే చేసుకుంది. చూసినవాళ్లు అంతా మన మంచికే జరిగింది కదా అంటారు. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఎందుకంటారా? అన్న మా వాకిట్లో మంచం మీద కూర్చుని, తమ్మీ, నా బిడ్డకు ఈ సంబంధం వదులు అని అడిగి ఉంటే, నేను అరిచేవాణ్ని, రెండు రోజులు మాట్లాడకుండా ఉండేవాణ్ని, ఆ తర్వాత బిడ్డను ఒక మాట అడిగి, ఆమె సరేనంటే వదిలేసేవాణ్ని. అన్నదమ్ములమన్నాక అది నాకు పెద్ద పనేమీ కాదు. ఆ అడగడం కూడా దండగ అనుకున్నాడు చూడండి, అది నాకు కొరుకుడుపడదు. అమ్మ పోయిన రోజు ఇద్దరం పాడె మోశాం, చెరొక పక్క, మాటా పలుకూ లేకుండా.

ఇప్పుడు మా అన్న వాకిట్లోనూ కారుంది, అదీ కొత్తది. ఒకరి గడప ఒకరు తొక్కే అవసరం ఎవరికీ లేదు, పెళ్లి మాటలైనా పేరంటాలైనా అన్నీ ఫోన్లోనే. మొన్న ఆ హాలియా మనవడి పుట్టినరోజు పిలుపు కూడా అట్లాగే, అందరికీ పంపినట్టే నాకూ వచ్చింది. నేను వెళ్లలేదు. ఎందుకు రాలేదని మా అన్న అడగనూ లేదు.