గట్టిమేళం ఎవరికి?

మా మేళంలో నాదస్వరం ఊదే అక్కకు ఒక అలవాటుంది. ఎవరేమడిగినా ముందు ఎత్తుకున్న రాగం ముగించాలి. తర్వాత వాద్యం నుంచి పీక ఊడదీసి కొంగుతో తుడుచుకోవాలి. జవాబు ఆ తర్వాతే. పక్కన డోలు వాయించే నాకే ఒక్కోసారి ఒళ్లు మండేది.

ఒక వేసవిలో తిరుత్తణి సంగీతోత్సవంవాళ్లు మమ్మల్ని మొదటిసారి గేటు దగ్గర కాకుండా వేదిక మీద కూర్చోబెట్టారు. అక్క కాంభోజి ఎత్తుకుంది. రాగం సగంలో ఉండగా ముఖ్య అతిథి కారు దిగాడు. నిర్వాహకుడు పరుగున వచ్చి, పెళ్లిపందిట్లో పురోహితుడిలా మాకేసి వేలు ఆడించాడు.

"గట్టిమేళం, గట్టిమేళం! సీక్కిరం, తొందరగా కొట్టండి!"

ఆ వేలు చూస్తే మా చేతులు వాటంతటవే లేస్తాయి. నా చెయ్యీ లేచింది. అక్క కళ్లు కూడా తెరవలేదు. చెయ్యి దించుకున్నాను. అతిథి మెడలో దండతో మెట్ల దగ్గరే నిలబడిపోయాడు.

రాగం ముగిసింది. అక్క పీక తీసింది, తుడుచుకుంది, మైకు దగ్గరికి వంగింది.

"గట్టిమేళం తాళి కట్టేటప్పుడు వాయించేది గదయ్యా. ఈడ ఎవురు ఎవురికి తాళి కడతా ఉండారు?"

మరుసటి వేసవి మమ్మల్ని పిలవలేదు. ఉత్సవం రోజున కనకమ్మ సత్రంలో ఒక నేతగాళ్ల పెళ్లికి వాయించాం. అక్కడా కాంభోజే. ముహూర్తానికి పురోహితుడు వేలెత్తాడు. అక్క రాగాన్ని సగంలోనే తెంచేసి, రోడ్డు మీద పోయే బస్సులకు వినపడేలా గట్టిమేళం ఊదింది.