వాన పడితే తేలే బేరం

ఆ రోజుల్లో నాకు సోమవారం నుంచి శనివారం దాకా ఏ బాధా ఉండేది కాదు, చిక్కంతా ఆదివారంతోనే. తుమ్మలపల్లె గనిలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. వారమంతా నేల కింద కొలతలు తీసే పని, పైకొచ్చాక స్నానం, మెస్సులో అన్నం, ఆపైన నిద్ర. దిగులు పడడానికి కూడా మనిషికి కాస్త తీరిక కావాలి కదా, ఆ తీరిక ఆదివారం దొరికేది. పులివెందులలో ఒక మిద్దె మీద గది. మాది ఆలూరు, బస్సులు మారి మారి ఇంటికి పోయి రావడానికి ఒక్క రోజు చాలదు. మెస్సులో నలుగురితో కలుద్దామంటే నా నోట్లో డబ్బులకు 'దుడ్లు' లాంటి మా పడమటి మాటలు దొర్లేవి, అవతలివాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో చెడ్డతనం లేదని తెలిసినా నేను గబగబా తిని లేచొచ్చేసేవాణ్ణి. ఒకసారి కింది వాటా వాళ్ళు పెళ్ళికి పోతూ, "మేమొచ్చే దాకా కుక్కను కొంచెం చూసుకోప్పా" అన్నారు. ఆ రోజు కుక్కతో మాట్లాడినంతగా ఆ నెలలో నేను ఇంకెవరితోనూ మాట్లాడలేదు. (కుక్క కూడా కాసేపు విని లేచిపోయింది.)

అట్లాంటివాడికి స్పోర్ట్స్ కారు మీద మనసెందుకు పోయిందంటే, వారమంతా నేల కింద ఉండేవాడికి పైకప్పు లేని బండి మీద మోజు ఉండదా మరి. నెట్ సెంటర్లో పాత బళ్ళ అమ్మకాల పేజీ చూస్తుంటే ఒక ఎర్ర కారు కనబడింది. రెండే సీట్లు, కప్ప కళ్ళలాంటి దీపాలు, కావాలంటే వేసుకునేది వద్దంటే మడిచేది ఒక గుడ్డ టాపు, వయసులో నాకంటే చాలా పెద్దది. ఉండేది ఆళ్ళగడ్డ దగ్గర, అహోబిలం పోయే రోడ్డులో. నాకు సైకిలు తప్ప వేరే బండి లేదు (అదీ పంక్చరయి ఉంది). అయినా ఆ బొమ్మలో రెండో సీటు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. రెండు సీట్ల కారు కొంటే ఆ రెండో మనిషి ఎక్కడి నుంచో తనంతట తనే వచ్చి కూర్చుంటాడని నా లెక్క. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

పాత స్పోర్ట్స్ కారు కొనేముందు ఏమేం చూసుకోవాలో ఇంగ్లండులో ఎవరో ఒకాయన సైటులో వివరంగా రాసిపెట్టాడు. అది అచ్చు తీయించుకుని పరీక్షకు చదివినట్టు చదివాను. తుప్పు ఎక్కడెక్కడ దాక్కుంటుందో, ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఎందుకు స్టార్టు చేసి చూడాలో, పొగ నీలంగా వస్తే ఏం జబ్బో తెల్లగా వస్తే ఏం జబ్బో, ఇంజను మీది నంబరు కాగితాల్లోని నంబరుతో కలవకపోతే మర్యాదగా ఎట్లా లేచి రావాలో, అన్నీ ఉన్నాయి. కానీ అన్నిటికంటే ముందు రాసిన మాట దగ్గరే నేను తప్పాను. 'ఒక్కరే వెళ్ళకండి. మీరు మోజులో ఉంటారు కాబట్టి, నిదానం తెలిసిన ఒక స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్ళండి' అని ఉంది. అక్కడ కాసేపు ఆగాను. స్నేహితుడే ఉంటే ఆదివారం పూట అంత దూరం పోయి కారు చూసే కర్మ నాకేమిటి? ఆ ఒక్కటీ వదిలేసి మిగతావన్నీ చూద్దామని, జేబులో ఒక అయస్కాంతం వేసుకుని బస్సెక్కాను.

కారు యజమానిని ఊళ్ళో అందరూ పెద్దాయన అనేవాళ్ళు, నేనూ అదే అన్నాను. డెబ్బై దాటిన మనిషి. తెల్ల పంచె, భుజాన తుండుగుడ్డ. చెనిక్కాయ పంట బాగా పండిన ఒక ఏడు బెంగుళూరులో చూసి మోజుపడి తెచ్చుకున్నాడట. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరూ అడక్కపోయినా కారణం తనే చెప్పేవాడు. "పిల్లనిస్తామని వచ్చినోళ్ళు కారు సుట్టూ తిరిగి చూసినారప్పా. 'అల్లుడూ పిల్లా కూసుంటారు, సరే. మేం అహోబిలం పోవాలంటే యాడ కూసోవాల?' అన్నారు. నేనేం చెప్తా? లేచి పోయిరి." నిజమే కదా, మన వైపు కారంటే పదిమంది ఎక్కాలి, ఇద్దరు పిల్లలు డిక్కీలో పడుకోవాలి, ఒకరు కిటికీలోంచి వాంతి చేసుకోవాలి. ఆ లెక్కన అది కారే కాదు. పొద్దున వచ్చి వంట చేసి సాయంత్రం పోయే ఒకామె తప్ప ఆ ఇంట్లో ఆయనకు వేరే మనిషి అలికిడి లేదు.

"యాడ నుంచి వస్తాండావప్పా?" అన్నాడు ఆ మొదటి రోజు.

"పులివెందుల నుంచి."

"అంత దూరం ఒక్కడివే వచ్చినావా?"

"ఒక్కణ్ణే."

ఆ మాటకు నా వైపు కాస్త ఎక్కువసేపు చూసి, "కారు యాడికీ పోదులే, ముందు తిను" అన్నాడు. రాగిసంగటీ ఊరిబిండి పచ్చడీ పెట్టించాడు. మెస్సులో తినేవాడికి అది పెట్టారంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు, సగం రోజు అక్కడే గడిచిపోయింది.

మిగతా సగం తుప్పు వెతికాను. ఇంగ్లండు ఆయన దేశంలో ఎప్పుడూ వాన, చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారట, కాబట్టి ఆయనకు తుప్పంటే ప్రాణభయం. ఆళ్ళగడ్డ ఎండలో తుప్పు పట్టాలన్నా కాస్త తడి ఉండాలి కదా. కార్పెట్టు ఎత్తితే ఎర్ర దుమ్ము, సీటు కింద చెనిక్కాయ పొట్టు, డిక్కీలో ఒక కోడిగుడ్డు దొరికాయి, ఇనుము మాత్రం రాయిలా ఉంది. తుప్పు పట్టిన చోట పుట్టీ పూసి రంగేస్తారు, అక్కడ అయస్కాంతం అంటదు అని రాశాడు కదా అని బండి ఒళ్ళంతా తడిమాను. ఎడమ తలుపు మీద అయస్కాంతం నిలవక కింద పడింది. దొంగను పట్టుకున్న పోలీసులా ఆయన వైపు తిరిగాను. "ఆడ ఎనుము కుమ్మిందిలే" అన్నాడు పెద్దాయన, ఏమాత్రం తడుముకోకుండా. గేదె కొమ్ముల గురించి ఇంగ్లండు ఆయన ఏమీ రాయలేదు.

తర్వాతి ఆదివారం కారు కింద దూరాను. గోనెసంచి పరుచుకుని టార్చి పట్టుకుని వెల్లకిలా పడుకుంటే గనిలో ఉన్నట్టే ఉండి నా ప్రాణం కుదుటపడింది. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట పెగలదు కానీ, నేను కిందా ఆయన పైనా ఉండేసరికి ధారాళంగా వచ్చేసింది. పెద్దాయన కుర్చీ వేసుకుని నా కాళ్ళతో మాట్లాడేవాడు. "మీ నాయన ఏం పెడతాడప్పా చేన్లో? మీ పక్క వాన పడిందా? మెస్సులో కూడు బాగుంటాదా? బాగుండదా? మరి చిక్కిపోక ఏమైతావు." అడుగుభాగం చూడ్డానికి అరగంట చాలు. భోజనానికి పిలిచేదాకా నేను బయటికి రాలేదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలన్నదానికి మరో వారం పట్టింది, ఎందుకంటే ఆ ఎండల్లో ఎవరూ ముట్టకుండానే బానెట్టు మీద చెయ్యి కాలేది. ఇంకో వారం నడిపి చూద్దామని అహోబిలం పోయాం. స్వామి దర్శనం చేసుకుని వచ్చేసరికి ఒక కోతి నా సీట్లో కూర్చుని ఉంది. "దానికి నచ్చినట్టుండాది, నీ మాదిరి ఇన్ని పరీచ్చలు పెట్టల్యా" అన్నాడు పెద్దాయన.

ధర మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. నేనొకసారి మొహమాటంగా కదిపితే ఆయన కొట్టిపారేశాడు. "ఎద్దుల బేరం ఎప్పుడన్నా చూసినావా? ధర నోటితో చెప్పకూడదప్పా. అన్నీ చూసుకున్యాక, తుండుగుడ్డ కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకోని చెప్పుకోవాల. మన బేరం ఇంకా ఆడికి రాలేదు. చూడాల్సింది చూసుకో." మా ఇంట్లో ఎద్దులమ్మి ట్రాక్టరు కొనేనాటికి నేను చిన్నవాణ్ణి, ఆ వేళ్ళ భాష నాకు రాదు. అయినా రైతుబిడ్డను కాబట్టి తెలిసినట్టే తలాడించాను.

అట్లా వారానికొక పరీక్ష చొప్పున సాగదీయగా సాగదీయగా చివరికి ఒక్కటి మిగిలింది. 'గట్టి వాన పడేటప్పుడు లోపల కూర్చుని, టాపు ఉరిసి నీళ్ళు లోపలికి కారతాయేమో చూడండి.' అది చదివి వినిపించాను. ఇద్దరం తలెత్తి ఆకాశం చూశాం. ఒక్క మబ్బు తునక లేదు. దాచుకోవడమెందుకు, నా గుండె తేలికపడింది. గిన్నెలు కడుగుతున్న వంటామె, "దానికేముంది, రెండు బిందెలు కుమ్మరించి చూస్తే తెలవదా?" అంది. ఊరికి ట్యాంకరు నీళ్ళు వస్తున్న రోజులవి. పెద్దాయన ఆమె మీద ఇంతెత్తు లేచాడు. "జనం తాగేదానికి నీళ్ళు ల్యాకుంటే కారుకు పోస్తారా? అయినా బిందెతో పోసేది వాన యాడైతాది?" నేను కూడా కాగితం చూపించి, "ఇందులో వాన అనే ఉంది" అని సాక్ష్యం చెప్పాను. ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి లోపలికి పోయింది.

ఆ ఏడు వాన కోసం ఊళ్ళలో కప్పలకు పెళ్ళిళ్ళు చేస్తుంటే, సీమ మొత్తంలో వాన వద్దనుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. మా నాయన ఫోనులో "ఇంకా ఇత్తనం పెట్టలేదురా, మబ్బే ల్యా" అంటే సిగ్గేసేది. కానీ ఏం చేయను? టాపు ఉరవకపోతే కారు కొనాలి, కొనే తాహతు నాకు లేదు. ఉరిస్తే నాకొద్దని చెప్పి రావాలి. ఎటు తిరిగీ ఆ పై ఆదివారం నాకు పోవడానికి చోటుండదు.

చివరికి వాన ఒక మంగళవారం పడింది. నేను నేల కింద ఉన్నాను. పైకొచ్చి చూసుకుంటే ఫోనులో వరసగా పెద్దాయన పిలుపులు. వెంటనే చేశాను.

"వాన పడిందప్పా. శానా పెద్ద వాన."

"టాపు ఉరిసిందా?"

"నువ్వు ల్యాకుండా నేనెట్ల చూస్తా? కారును కొట్టంలో పెట్టేసినా."

ఆదివారం నేను పోయేసరికి మళ్ళీ మబ్బు పట్టింది. తిని చేతులు కడుక్కుంటుంటే చినుకులు మొదలయ్యాయి. ఇక తప్పదు. కారును కొట్టంలోంచి బయటికి తోసి, టాపు వేసి, ఆయన స్టీరింగు ముందు, నేను ఎడమ సీట్లో కూర్చున్నాం. వాన జోరందుకుంది. మొదటి చుక్క నా భుజం మీద పడింది. రెండోది మెడ వెనక. కాసేపటికి అద్దం అంచు నుంచి సన్నటి ధార నా ఒళ్ళోకి దిగింది. నేను నోరెత్తలేదు. ఓరకంట చూస్తే ఆయన బట్టతల మీద చుక్క తర్వాత చుక్క పడుతోంది, ఆయనేమో చెమట తుడుచుకున్నట్టు తుండుగుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"ఉరుస్తాందా అప్పా?" అన్నాడు, రోడ్డు వైపే చూస్తూ.

అవునంటే అయిపోయింది. కాదన్నా అయిపోయింది. "ఇది వాన కాదులే పెద్దాయనా, జల్లు" అన్నాను.

"అదే నేనూ అనుకుంటాండా. ఇదేం వాన? మా కాలంలో పడేది వాన."

"కాగితంలో గట్టి వాన అని ఉంది."

"రానీ, గట్టి వాన వచ్చినప్పుడే చూస్తాం."

బయట రోడ్డు వంకలా పారుతోంది. వంటామె గొడుగు వేసుకుని వచ్చి, "ఏం సామీ, కారులో కూసోని తడిసేకంటే బయట నిలబడి తడవగూడదా?" అంది. ఇద్దరం వినిపించుకోలేదు. నా జన్మలో అంత సుఖంగా ఇంకెప్పుడూ తడవలేదు.

తర్వాత రెండు ఆదివారాలు గనిలో డ్యూటీ పడింది. ఆ పైవారం పోయేసరికి కొట్టం ఖాళీగా ఉంది. నేల మీద ఆయిలు మరకలు తప్ప ఏమీ లేవు. వచ్చిన దారినే వెనక్కి పోదామనిపించింది. కారు పోయినందుకు కాదు, అది ఎప్పుడూ నాది కాదని నాకు తెలుసు. పెద్దాయన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

"అమ్మేసినా అప్పా. బెంగుళూరు నుంచి ఒకాయప్ప వచ్చినాడు. ఇంజను చూడల్యా, నంబరు చూడల్యా. హారను కొట్టి, బాగుంది అన్నాడు, తీసకపోయినాడు. ఆయప్పకు పోసిన కాఫీ సల్లారనే ల్యా."

"వాన సంగతి చెప్పినారా?"

"ఆయప్ప అడగల్యా."

సంచి భుజాన సర్దుకున్నాను. "సరే పెద్దాయనా, మరి నేను పోయొస్తా."

"యాడికి పోతావు? కూసో. ఎంతకు పోయిందో నీకు చెప్పొద్దా?" అని నా చెయ్యి పట్టుకుని పైన తుండుగుడ్డ కప్పాడు. గుడ్డ కింద నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని నొక్కాడు. ఎంతో నాకు అర్థం కాలేదు. మళ్ళీ తెలిసినట్టే తలాడించాను. చెప్పడం అయిపోయింది కానీ ఆయన చెయ్యి వదల్లేదు. "ఆ పొద్దు వానలో నిన్ను చూస్తే నాకు నవ్వూ వచ్చె, ఏడుపూ వచ్చె. నీకు కారు ఎందుకప్పా? ఇంక చూసే పని ల్యా. ఊరికే రా. మనిషి ఇంటికి మనిషి ఊరికే రాకూడదా?"

ఆ పూట అరుగు మీద ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరికీ మాటలు రాలేదు. అలవాటు లేదు మరి. చివరికి పెద్దాయన లేచి, ఖాళీ కొట్టంలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు పక్కపక్కన వేశాడు, రోడ్డు వైపు తిప్పి. ఆయన కుడివైపు, నేను ఎడమవైపు. అప్పుడు మాటలొచ్చాయి. పులివెందులలో ఉన్నన్నాళ్ళూ నా ఆదివారాలు ఆ కుర్చీలోనే గడిచాయి. కొట్టం రేకులు కూడా వానకు ఉరిసేవి, మేమిద్దరం అది వాన కాదని ఒప్పుకునేవాళ్ళం.

పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాను, ఐదు సీట్ల కారుంది. దాన్ని కొనేటప్పుడు ఏ పరీక్షా పెట్టలేదు, రంగు నచ్చిందని తెచ్చుకున్నాను. ఎప్పుడైనా ఒక్కణ్ణే పోతుంటే వాన పడుతుంది. ఎడమ సీటు మీద నా అన్నం డబ్బా ఉంటుంది. చెయ్యెత్తి పైకప్పు తడిమి చూస్తాను, ఒక్క చుక్క కూడా లోపలికి రాదు. అప్పుడు జేబులో అయస్కాంతం వేసుకుని, స్నేహితుణ్ణి తీసుకెళ్ళమన్న మాట ఒక్కటీ వదిలేసి తక్కినవన్నీ చూసుకొద్దామని బస్సెక్కిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. వాడు వదిలేసిన ఆ ఒక్కటే వాడికి దొరికింది. ఇప్పుడు నాకు కారుంది, ఉరుస్తాందా అని అడిగే మనిషి లేడు.