ఏ నది దాటామో చెప్పని విమానం

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అస్థికలు కాశీకి తీసుకెళ్ళేవాడు దారిలో వచ్చే ప్రతి నదినీ పోయినవాళ్ళకి చెప్పి దాటించాలి. చెప్పకపోతే వాళ్ళు ఇవతలి గట్టునే ఆగిపోతారట. పర్చూరు దగ్గర పత్తి, మిరప వేసుకునే వాళ్ళకి ఈ పట్టింపులేమిటని నేను వెక్కిరించేవాణ్ణి.

పొగాకు కలిసొచ్చిన ఓ ఏడాది మా నాన్న, తాత అస్థికలతో ప్రొపెల్లర్ విమానం ఎక్కాడు. ఆ కథ చచ్చేదాకా చెప్పాడు. మోత భరించలేరని చెవుల్లోకి దూది పంచారట. పత్తి రైతు ఊరుకుంటాడా, పింజ లాగి చూసి పొట్టి రకమని తేల్చేశాడు. విమానం ఎంత కిందుగా పోయిందంటే కాలవలు, కల్లాలు కూడా కనపడ్డాయట. పైలెట్ ఒక చీటీ రాసి పంపేవాడు: ఎంత ఎత్తులో ఉన్నాం, కింద ఏ ఊరు, ముందు ఏ నది. అది చేతులు మారుతూ అందరి దగ్గరికీ వచ్చేది. పక్కాయన చదివి చెప్పగానే నాన్న ఒళ్ళో మూట తడిమి, "నాన్నా, గోదారొచ్చింది, దాటుదాం రా" అని అరిచాడట. ఆ మోతలో ఎవరికీ వినపడి ఉండదు.

పోయిన వేసవిలో నాన్న అస్థికలతో నేను బయలుదేరాను. హైదరాబాద్ దాకా బస్సులో, నది వంతెన వచ్చినప్పుడు మొక్కుబడిగా చెప్పి దాటించాను. హైదరాబాద్‌లో తనిఖీ దగ్గర తెర మీద మూటలోని ఎముకలు కనపడ్డాయి. అక్కడి జవాను తల దించుకుని దారిచ్చాడు. విమానంలో నాది కిటికీ పక్క సీటు.

"మూట పైన పెట్టేయండి సర్," అంది ఎయిర్ హోస్టెస్.

నా బుద్ధి గడ్డి తిని పెట్టేశాను.

పైకి లేచాక కుదుపు లేదు, మోత లేదు. జనమంతా చెవుల్లో ఏవో దూర్చుకుని కళ్ళు మూసుకున్నారు, ఒక్కరూ కదలరు. పీనుగుల మధ్య కూర్చున్నట్టనిపించింది. కింద మబ్బులు తప్ప ఏమీ కనపడలేదు. చీటీ లేదు, చెప్పేవాడు లేడు. నాన్న ఎక్కడ ఆగిపోతాడోనని మొదటిసారి నిజంగా భయం వేసింది. ఎయిర్ హోస్టెస్‌ని పిలిచాను.

"అమ్మా, గోదావరి వచ్చిందా?"

"తెలీదు సర్. ఇంకో ఇరవై నిమిషాల్లో దిగిపోతాం."

అంటే గోదావరి ఎప్పుడో దాటేశాం. ఆమె వెళ్ళబోతూ ఆగి నా పక్క సీటు వంక చూసింది.

"ఇక్కడ పెద్దాయన ఉండాలి కదండీ? పైకి లేచిన కొత్తలో మంచినీళ్ళు కావాలా అంటే తల ఊపారు. ఎటు వెళ్ళారు?"

ఎక్కినప్పటి నుంచీ ఆ సీటు ఖాళీ.

కాశీలో తంతు ఏ లోపమూ లేకుండా జరిగింది. పురోహితుడు చెప్పమన్నవన్నీ చెప్పాను. కానీ నా చేతుల్లోంచి గంగలోకి జారినవి ఎముకలే, నాన్న కాదని నాకు తెలుస్తూనే ఉంది. ఏడుపు కూడా రాలేదు.

తిరుగు విమానం మానేసి రైలెక్కాను. గోదావరి వంతెన రాగానే తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పోయినవాళ్ళని ఇంటికి పిలవకూడదంటారు. పెట్టెలో వాళ్ళంతా చూస్తుండగా గొంతు చించుకుని అరిచాను.

"నాన్నా! తప్పు నాదే. ఇంటికి పోదాం, రా!"